మాకిద్దరే

నల్లవాగుపల్లె, చెన్నూరు మండలం
అక్టోబర్ 30

చెల్లె వినోదకు,

మీ అక్క రమ రాసేది. ఈ ఉత్తరం నీ కాలేజీ అడ్రసుకు పంపుతున్న, ఇంటికి కాదు. ఫోన్ చేద్దామంటే నీ ఫోన్ ఎప్పుడు చూసినా భూమిక చేతిల ఉంటది. ఎత్తి, "పెద్దమ్మా, అమ్మ పనిల ఉంది, ఏందో నాకు చెప్పు" అంటది. ఆ పిల్లకు చెప్పలేకనే గదా పంతొమ్మిదేండ్లు గడిచినయి. అందుకే కాయితం పట్టుకున్న. సర్పంచుగ ఉన్నన్ని దినాలు దరఖాస్తులు రాసీ రాసీ చెయ్యి బాగనే నడిచేది, ఇప్పుడు వేళ్లు మొద్దువారినయి. తప్పులుంటే లెక్చరర్‌వి, దిద్దుకో.

నిన్న మీ బావ పేపర్ చదివి వినిపించిండు. ఇద్దరికన్న ఎక్కువ పిల్లలున్నోళ్లు సర్పంచికి నిలబడొద్దన్న నిబంధన తీసేస్తున్నరట. పిల్లలు పుట్టుడు తక్కువైందట, అందుకట. ఆయన సాఫ్‌గ చదివి, పేపర్ మడిచి, టీ పెట్టుమన్నడు. పొయ్యి ముట్టించి, నీళ్లు పోయకుండనే గిన్నె మీద పెట్టిన.

మధ్యాహ్నం పత్తి ఏరేకాడ అందరికీ గదే ముచ్చట. మా పక్కింటి ఎల్లక్క ఉన్నది గదా, నడుముకు సంచి కట్టుకొని చెప్తున్నది. "ఇగ కనుండ్రే పోరీ, సర్కారే పర్మిషన్ ఇచ్చింది. నాకు అరవై దాటినయి గని, లేకుంటే ఇంకొకణ్ని కని సర్పంచికి నిలబడుదును." అందరు నవ్విండ్రు. నేను కూడ నవ్విన. నవ్వకుంటే ఏందని అడుగుతరు.

వినోదా, నేను పొడుగ్గ రాయ. ఆ ఒక్క నిబంధన కోసమే నా మూడో కాన్పును నీ కాన్పుగ రాయించినం. లక్ష్మణ్, చిన్నోడు ఇద్దరు ఉండంగ మూడోది కడుపుల పడ్డది. మీ బావ ఆ ఏడే మొదటిసారి నిలబడుతుండె. "ఈ అయిదేండ్లు గడవనీ, తెచ్చుకుందాం" అన్నడు. ఆ అయిదేండ్లు అయినంక ఎలక్షన్లు ఇంకో రెండేండ్లు సాగి, సీటు ఆడోళ్లకు వచ్చింది, నన్నే నిలబెట్టిండు. ఇంకో అయిదేండ్లు. ఎలక్షన్ ఎలక్షన్‌కు నా బిడ్డ ఒక మెట్టు పైకెక్కింది, నాకు ఒక మెట్టు దూరమైంది.

ఇప్పుడు ఏ అడ్డం లేదు. ఆమెకు నిజం చెప్పు. నేను చెప్తే దొంగతనంగ చెప్పినట్టయితది, నువ్వే చెప్పాలె. నీ దగ్గరనే ఉండి చదువుకోనీ, నేను గుంజుకపోను. ఒక్కసారి నా ఇంట్ల నా బిడ్డగ వచ్చి కూసుండాలె. గంతే అడుగుతున్న.

మరిది గోపాల్ మంచిగున్నడని తలుస్తున్న.

మీ అక్క
రమ

*

కరీంనగర్
నవంబర్ 7

అక్కకు,

ఉత్తరం చేరింది. మా అటెండర్ అంతయ్య స్టాఫ్ రూంలోకి తెచ్చి, "మేడం, ఈ కాలంల చేతిరాత ఉత్తరం నీకే వచ్చింది, ఏదన్న కేసా?" అన్నాడు. మా అక్క రాసిందంటే నమ్మలేదు.

నీ ప్రశ్నకు వెంటనే జవాబు రాయాలనే కూర్చున్నాను. రెండు కాగితాలు చించేశాను. ఇది మూడోది.

ఈ వారం తరగతిలో జనాభా పాఠమే నడుస్తోంది. ఇరవై ఏళ్ల కింద ఇదే పాఠంలో జనం పెరగడమే మన కష్టాలన్నిటికీ మూలమని చెప్పేదాన్ని. బోర్డు మీద నిటారుగా పైకి పోయే గీత గీసేదాన్ని. ఇప్పుడు ఆ గీత వంగిపోయిందని చెప్తున్నాను. మొన్న ఒక పిల్ల లేచి, "మేడం, మరి అప్పుడు మీరు చెప్పింది తప్పా?" అంది. అప్పటికి అది నిజమే అన్నాను. కూర్చుంది కానీ ఒప్పుకున్నట్టు లేదు. నాకూ ఒప్పుదల కాలేదు.

మీ ఊరి బడిలో ఎంతమంది మిగిలారు? పోయినసారి తొమ్మిది అన్నావు. ఇక్కడ చూస్తే అడుగు పెట్టే సందు లేదు. మేమొచ్చినప్పుడు మా వీధిలో నాలుగిళ్లు, మిగతాదంతా మక్కచేను. ఇప్పుడు చేను ఎటు ఉండేదో భూమికకు చూపించబోతే నాకే గుర్తు దొరకలేదు. వెనకవైపు రైస్ మిల్లులో బీహార్ వాళ్లు, గ్రానైట్ కోతకు వచ్చిన ఒడిశా వాళ్లు, పిల్లల చదువులకని మీ దిక్కు నుంచి వచ్చి గదులు తీసుకున్న తల్లులు. ఎవరు ఎవరో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే కదా అక్కా, ఆనాడు మనకు పనికొచ్చింది. నువ్వు నాలుగు నెలలు మా ఇంట్లో ఉన్నావు, మీ ఊళ్లోనేమో చెల్లెకు తొలికాన్పు, మన అమ్మ లేదు కాబట్టి అక్క పోయిందని చెప్పుకున్నారు. ఇక్కడ పాత వీధి అయితే వారం రోజుల్లో బయటపడేది.

భూమికకు డిసెంబర్‌లో సెమిస్టర్ పరీక్షలు. బీఎస్సీ రెండో సంవత్సరం చాలా కష్టంగా ఉందంటోంది. ఈ సమయంలో చెప్తే చదువు మీద మనసు నిలుస్తుందా? పైగా బావ మళ్లీ నిలబడుతున్నాడని విన్నాను. ఆ హడావుడి ముగియనీ. సంక్రాంతి సెలవుల తర్వాత నెమ్మదిగా ఆలోచిద్దాం. ఆమె వయసు కూడా అలాంటిది, ఒక మాట ఎటు తీసుకుంటుందో చెప్పలేం.

నేను తప్పించుకుంటున్నానని నీకనిపిస్తే, పూర్తిగా కాదని మాత్రం అనగలను.

నీ
వినోద

*

నల్లవాగుపల్లె
డిసెంబర్ 3

వినోదకు,

బడిల ఏడుగురు. అందుల ముగ్గురు పత్తి మిల్లుల పనికొచ్చిన బీహారోళ్ల పిల్లలు. సారు ఇల్లిల్లు తిరిగి, పిల్లలు ఉన్నరా అని అడుగుతుండు. ఎల్లక్క, "మా ముసలాయన ఉన్నడు, ఏబీసీడీలు రావు, రాసుకపో" అన్నదట. నువ్వు అడిగినవు గనుక చెప్పిన. నేనడిగినదానికి నువ్వు పాఠం చెప్పినవు.

ఈ దినం మీ బావ నామినేషన్. పక్కూరి పంచాయతి ఆఫీసుల తీసుకుంటున్నరు. నన్ను కూడ తోలుకపోయిండు, మాజీ సర్పంచ్ పక్కన ఉంటే బాగుంటదని. లైన్ల మా ముందట కొండల్ నిలబడ్డడు. మా పాత వాడకట్టు కొండల్, నలుగురు పిల్లల తండ్రి. నలుగురిని వెంటేసుకొని బాజాప్తా వచ్చిండు. చిన్నపిల్లను భుజం మీద కూసుండబెట్టుకున్నడు. మీ బావ పరాచికానికి, "ఏందిర కొండల్, బలగం మొత్తం దించినవ్" అంటే, "ఏం జేద్దునే కుమారస్వామన్నా, నేను నిలబడాల్నని ఇరవై ఏండ్లయె అనుకుంటున్న. పిల్లలను ఎక్కడ దాసిపెట్టాల్నో తెల్వక ఆగిన" అన్నడు.

ఏదో నవ్వులాటకు అన్నడు. మీ బావ నవ్విండు. నేను అటు తిరిగిన.

లోపల సారు ఫారాలు చూసిండు. కులం కాయితం అడిగిండు, ఇంటి పన్ను రశీదు అడిగిండు. పిల్లల సంగతి అడగలే. నేను ఎదురుచూసుకుంట నిలబడ్డ. వెనుకట నేను నిలబడ్డ ఏడు ఆ సారే కాదుగని ఇంకో సారు, కళ్లద్దాలు సర్దుకొని అడిగిండు, "అమ్మా, ఎంతమంది పిల్లలు?" అని. "ఇద్దరే సార్" అన్న. రాసి సంతకం పెట్టుమన్నడు. పెట్టిన. అప్పుడు భూమిక మీ కరీంనగర్ల రెండో తరగతి. నా చేతితోని నేనే రాసిన, నాకిద్దరే అని. మీ బావ సంతకం పెట్టినప్పుడు ఆయన మీద కోపం చేసుకున్న. నా సంతకం మీద ఎవరి మీద చేసుకోవాలె?

ఇంకొకటి నీకెప్పుడు చెప్పలే. ఆయన మొదటి నామినేషన్ అప్పుడు భూమిక ఇరవై రెండు దినాల పిల్ల. నీ ఒడిల పెట్టి బస్సెక్కిన. తెల్లారి ఆయన పక్కన నిలబడితే పాలు చేపుకొచ్చి రవికె తడిసింది. కొంగు కప్పుకున్న. ఒకామె చూసి, చిన్నోడు ఇంకా పాలు తాగుతుండా అన్నది. అవునన్న. చిన్నోడికి అప్పటికి ఆరేండ్లు.

గియ్యాల కొండల్ పిల్లలు ఆఫీసు ముందట ఆడుకుంటుంటే చూసిన వినోదా. వాడు ఓపిక పట్టిండు, పిల్లలను పెట్టుకున్నడు. మేం ఓపిక పట్టలేక పిల్లను ఇచ్చినం. గింతే గదా తేడా.

పరీక్షలు, సెలవులు, ఆమె వయసు. నువ్వు ఇంకేదో దాస్తున్నవు. నాకు చదువు తక్కువ గని నీ అక్కను.

రమ

*

కరీంనగర్
డిసెంబర్ 6

అక్కా,

దాస్తున్నాను. రాస్తాను.

ముందు మొదటిది. పిల్లను నా పేరు మీద రాయిద్దామన్న ఆలోచన బావది కాదు, నాది. నీకు తెలిసినదే అయినా ఎందుకు అన్నానో నీకు తెలియదు. అప్పుడు నేను పాఠాలు చెప్తూనే ఎంఫిల్ చేస్తూ, మీ దిక్కు పల్లెల్లో ఇల్లిల్లు తిరిగి ఎంతమంది పిల్లలని అడిగి కాగితాలు నింపుతున్నాను. ఇద్దరికి మించితే నా కలం కింద ఒక చిన్న గుర్తు పడేది. ఆ నిబంధన సరైనదని నిజంగా నమ్మాను. నీకు మూడో నెల అని తెలిసినప్పుడు బావ మాత్రలు తెస్తానన్నాడు. నువ్వు ఏడ్చావు. నేను మధ్యలో పడి, "పాపమెందుకు, నా పేరు మీద రాయిద్దాం" అన్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. అప్పటికి నాకు రెండు గర్భాలు నిలవలేదు. ఆ మాట అన్నప్పుడు నిబంధన గురించి ఆలోచించానా, నా ఖాళీ ఒడి గురించి ఆలోచించానా అని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. ఒక్కోరోజు ఒక్కో జవాబు వస్తుంది.

ఇది చిన్నది. రెండోదే రాయడం కష్టం.

పోయిన ఎలక్షన్లప్పుడు, అంటే ఏడేళ్ల కింద, మీ ఊరి సీటు వేరేవాళ్లకు రిజర్వ్ అయింది. బావ నిలబడే దారి లేదు. నువ్వు మరుసటి రోజే సంచిలో భూమికకు కొత్త లంగా ఓణీ పెట్టుకుని వచ్చావు. "ఇగ అడ్డం లేదు చెల్లె, తోలుకపోతా" అన్నావు. భూమికకు అప్పుడు పన్నెండేళ్లు, ట్యూషన్‌కు పోయింది. నేను నీకు కుర్చీ వేసి కూర్చోబెట్టి చట్టం చెప్పాను. తప్పుడు డిక్లరేషన్ ఇచ్చిన కేసు ఎన్నేళ్లయినా తెరుస్తారని, ముందు సంతకం పెట్టిన నిన్నే తీసుకుపోతారని, పుట్టిన సర్టిఫికెట్ అబద్ధమైతే భూమిక చదువంతా రద్దవుతుందని. లెక్చరర్ గొంతుతోనే చెప్పాను. నువ్వు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "గట్లనా" అని నీళ్లు తాగి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయావు.

నేను ఏ వకీలునూ అడగలేదు అక్కా. ఏ పుస్తకమూ తెరవలేదు. నీకు చెప్పిందాంట్లో ఎంత నిజమో ఇప్పటికీ నాకు తెలియదు. కొంత నిజమే అయి ఉండొచ్చని నన్ను నేను ఓదార్చుకుంటాను. కానీ తెలుసుకోకుండా ఉండటం నాకు అవసరమైంది. తెలుసుకుంటే పిల్లను ఇవ్వాల్సి వస్తుందేమోనని.

గోపాల్ ఆ రోజు లోపలి గదిలోంచి అంతా విన్నాడు. నువ్వు వెళ్లాక, "ఆమె నిన్ను నమ్మింది" అని మాత్రం అన్నాడు. మళ్లీ ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

నువ్వు ఎలక్షన్ ఎలక్షన్‌కూ దూరమైందని రాశావు. రెండుసార్లు ఎలక్షన్ దూరం చేసింది. మూడోసారి నేనే.

వినోద

*

నల్లవాగుపల్లె
డిసెంబర్ 8

వినోదకు,

చదివిన. మళ్లీ చదివిన.

ఏడేండ్లు పోలీసు జీపు ఊళ్లెకొస్తే ఇంట్లకు పోయి తలుపేసుకునేదాన్ని. ఎవరికోసం వచ్చిందో అడిగినంకనే నీళ్లు మింగేదాన్ని. ఈ భయం మీ బావకు కూడ చెప్పలే, ఆయన పరేషాన్ అయితడని.

నువ్వు చదువుకున్నదానివని నమ్మలే. నా చెల్లెవని నమ్మిన.

ఇగ చెప్పు ఆమెకు. నువ్వు చెప్పకపోతే శనివారం నేనే వస్త.

రమ

*

కరీంనగర్
డిసెంబర్ 11

అక్కకు,

చెప్పాను. ఈ ఉత్తరం భూమికే తెస్తుంది. అంటించాను, కానీ కావాలంటే దారిలో చదువుకోమన్నాను. చదవనంది.

నిన్న సాయంత్రం ఆమె గచ్చు మీద కూర్చుని చిక్కుడుకాయలు తీస్తోంది. నీ ఉత్తరాలు మూడూ ముందు పెట్టి, "ఇవి పెద్దమ్మ రాసింది, నీ గురించే, చదువు" అన్నాను. నోటితో చెప్పే ధైర్యం చేయలేదు. చివరికి అది కూడా నీ చేతనే చెప్పించాను.

మొదటి ఉత్తరం సగంలో ఆగి నా వైపు చూసింది. మళ్లీ చదివింది. రెండో ఉత్తరంలో నీ రవికె తడిసిన చోట చాలాసేపు ఆగింది. తర్వాత నేను నీకు రాసింది కూడా చెప్పాలి కదా, ఏడేళ్ల కిందటి సంగతి నేనే చెప్పాను. అది మాత్రం నోటితోనే చెప్పాను.

"ఇంకెవరికి తెలుసు?" అంది.

నాకు, నాన్నకు, పెద్దమ్మకు, పెదనాన్నకు, నువ్వు పుట్టిన నర్సింగ్ హోం నర్సుకు అని లెక్కపెట్టాను.

"లక్ష్మణ్ అన్నకు?"

తెలుసు. అప్పటికే వాడికి తొమ్మిదేళ్లు, చిన్నోడికి తర్వాత వాడే చెప్పాడు. మస్కట్ పోయేముందు, చెల్లెకు ఎప్పుడు చెప్తరని నన్నే అడిగాడు.

"అయితే నాకొక్కదానికే తెలువదు" అని చిక్కుడుకాయలు తీయడం మొదలుపెట్టింది. మొత్తం తీసింది. గిన్నె వంటింట్లో పెట్టి, "పరీక్షలు ఈ నెలాఖరుకు గదా, రేపు ఊరికి పోతా" అంది. నేను తోడు వస్తానంటే వద్దంది. గోపాల్ బస్టాండ్ దాకా దింపుతానంటే దానికి మాత్రం సరేనంది.

ఆమె ఏమడిగినా నిజమే చెప్పు అక్కా. నన్ను కాపాడాలని చూడకు. చూస్తావని కూడా అనుకోను.

వినోద

*

నల్లవాగుపల్లె
డిసెంబర్ 20

వినోదకు,

పోలింగ్ అయింది. మీ బావ పంతొమ్మిది ఓట్లతోని ఓడిపోయిండు. కొండల్ సర్పంచ్. ఎందుకు ఓడిండో నీకు నేనే చెప్పాలె, ఎందుకంటే ఓడగొట్టింది నేను.

భూమిక వచ్చిన తెల్లారి నాతోని పత్తికి వచ్చింది. చేతులు గీరుకపోతయి వద్దంటే ఇనలే. మునుంల నా పక్క సాలు పట్టుకొని ఏరింది. జరసేపయినంక, చెట్టుదిక్కే చూసుకుంట అడిగింది, "నన్ను వద్దనుకున్నరా?" అని. నువ్వు నిజం చెప్పుమన్నవు. చెప్పిన. "రెండు నెలలు వద్దనుకున్న బిడ్డా. రెండో కాన్పు అయినంక ఆపరేషన్ చేస్తమన్నరు, రక్తం తక్కువుందని ఎనుకకు పంపిండ్రు. నువ్వు పడ్డవని తెలిసి ఎవరికి చెప్పాల్నో తెల్వలే. మూడో నెల అందరికి తెలిసి మీ పెదనాయన మాత్రలంటే, అప్పుడు వద్దనుకునుడు ఆగింది" అన్న. ఆమె "ఊఁ" అన్నది. ఇంకో నాలుగు చెట్లు ఏరినంక, "ఊళ్లె ఎవ్వరికి చెప్పకుర్రి. నాకు జర టైం గావాలె. నేను ఎవరినో నేను చెప్పుకున్నంక మీరు చెప్పుకోండ్రి" అన్నది. సరే అని మాటిచ్చిన. ఇంటికొచ్చి మీ బావకు కూడ చెప్పిన. ఆయన తలూపిండు.

ఆదివారం పొద్దుగాల పంచాయతి ముందట మీటింగ్ పెట్టిండ్రు. మీ బావ మంచిగనే మాట్లాడుతుండు. బోరు సంగతి, రోడ్డు సంగతి. ఇంతల కొండల్ మనుషులు ఎవరో, ఈసారి పిల్లలున్న ఇంటికే ఓటు అన్నరు. మీ బావకు రోషం లేసింది. మైకు పట్టుకొని, "మనూరి బడి మూతబడుతున్నది. పిల్లలు లేరు. పిల్లలుంటేనే ఊరు. నాకు గూడ ఇద్దరు కాదు, ముగ్గురు. మూడో బిడ్డను పట్నంల డిగ్రీ చదివిస్తున్న. ఇగో ఈడనే ఉన్నది, రా బిడ్డా" అని చెయ్యి చాపిండు.

భూమిక ఆడోళ్ల నడుమ కూసున్నది. లేవలే. ఆమె ముఖం నేను చూసిన వినోదా. నీ ఇంటికాడ గచ్చు మీద చిక్కుడుకాయలు తీసినప్పుడు ఎట్ల ఉండెనో నువ్వు రాయలే, గట్లనే ఉండి ఉంటది.

నేను లేచి పోయి మైకు తీసుకున్న. అయిదేండ్లు సర్పంచ్ చేసినదాన్ని, మైకు కొత్త గాదు. "మా ఆయన సంబురంల ఒకటి ఎక్కువ జెప్పిండు. ఆ పిల్ల నా చెల్లె వినోద బిడ్డ, సెలవులకు వచ్చింది. మాకిద్దరే" అన్న.

 అప్పుడు ఎల్లక్క కూసున్నకాన్నుంచి, "కుమారస్వామీ, ఇంట్ల పిల్లల లెక్కనే నీకు కుదురుతలేదు, పింఛన్ల లెక్క ఏం జేస్తవ్ అయ్యా?" అన్నది. ఇగ ఊరంత ఒక్కటే నవ్వుడు. మూడు దినాలు గదే ముచ్చట. పంతొమ్మిది ఓట్లు గాన్నే పోయినయి.

మీ బావ నాతోని మాట్లాడుతలేడు. ఫలితం వచ్చిన నాడు ఒక్కటే అన్నడు, "ఇన్నేండ్లు ఆమె కోసం నువ్వు ఏడిస్తివి, నేను చెప్పుకుందామంటే కాదంటివి" అని. ఆయనకు అర్థంగాలే. ఆయన చెప్పుకుందామన్నది ఆమెను కాదు, లెక్కను.

మీటింగ్ అయినంక భూమిక ఇంటికొచ్చి చాయ పెట్టింది. నాకొక కప్పు ఇచ్చి, "అబద్ధం మంచిగ చెప్తవ్" అన్నది. తిట్టిందో మెచ్చిందో నాకు ఎరుకలేదు. "అలవాటైంది" అన్న. ముసిముసిగ నవ్వింది. తెల్లారి బస్సెక్కి మీ దగ్గరికి వచ్చింది.

నేను నిన్ను మన్నించిన్నో లేదో అడగకు. ఇంకా చూసుకోలే.

రమ

*

కరీంనగర్
జనవరి 18

అక్కకు,

ఇన్ని రోజులు రాయలేదు. రాయడానికి ఏమీ జరగలేదు అనాలో, చాలా జరిగింది అనాలో తెలియక.

భూమిక పరీక్షలు బాగానే రాసింది. నేను వాయిదాకు చెప్పిన కారణాల్లో ఒక్కటి కూడా నిలవలేదు. మొన్న సోమవారం హాస్టల్‌కు మారింది. కాలేజీ పక్కనే, మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. కోపంతో పోలేదు. దుప్పటి, బకెట్ నేనే కొన్నాను, ఆమె రంగు చూసి తీసుకుంది. "ఆదివారం వస్తా" అంది, వచ్చింది, అన్నం తింది, కూర బాగుందంది. గోపాల్‌తో ఎప్పటిలాగే ఉంది. "నాన్నా, బండి టైర్‌ల గాలి లేదు" అని అరిచింది కూడా.

నాతో మాట్లాడుతుంది. కానీ అక్కా, నీ దగ్గరి నుంచి వచ్చినప్పటి నుంచి నన్ను ఏమనీ పిలవడం లేదు. మొదట నేను గమనించలేదు. తలుపు వేయమంటుంది, నీళ్లు ఇవ్వమంటుంది, పోయొస్తానంటుంది. ఆ మాటల ముందు ఇదివరకు ఒకటి ఉండేది, ఇప్పుడు లేదు. పక్క గదిలో ఉంటే పిలవాలి కదా, అందుకని లేచి నా దగ్గరికే వచ్చి నిలబడి అడుగుతుంది. పిలవకుండా ఉండటానికి అంత దూరం నడుస్తోంది.

తరగతిలో నిన్న పాఠం చెప్తూ ఆగిపోయాను. ఎక్కడ ఎంతమంది పుట్టారు, ఎక్కడి నుంచి ఎక్కడికి పోయారు, ఏ ఊరు నిండింది, ఏది ఖాళీ అయింది, అన్నీ చెప్పగలను. ఒక్క పిల్లను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మార్చితే ఏమవుతుందో నా దగ్గర పాఠం లేదు. పిల్లలు నోట్స్ రాసుకుంటూ తలెత్తి చూశారు. తర్వాతి పేజీ తీయమన్నాను.

నాకు దక్కిన ఈ పంతొమ్మిదేళ్లూ నీవి. అవి తిరిగి ఇచ్చే మార్గం లేదని తెలిసి కూడా ఇచ్చేస్తానన్నట్టు మాట్లాడబోతాను, అందుకే ఫోన్ చేయడం లేదు. ఒక్కటి మాత్రం అడుగుతాను, తప్పైతే విడిచిపెట్టు. అక్కడ నీ దగ్గర ఉన్న ఆ నాలుగు రోజులు ఆమె నిన్ను ఏమని పిలిచింది?

వినోద

*

నల్లవాగుపల్లె
ఫిబ్రవరి 2

చెల్లె వినోదకు,

నన్ను కూడ ఏమనలే. "ఇగో" అన్నది. చేన్ల పత్తి సంచి నిండితే "ఇగో, నిండింది" అన్నది. బస్సెక్కేటప్పుడు "ఇగో, పోతున్న" అన్నది. వచ్చిన దినం గేటుకాడ పెద్దమ్మా అనబోయి నోరు మూసుకున్నది, నేను చూసిన. ఆ పిలుపు పోయింది, ఇంకోటి రాలే.

నీ ఉత్తరం చదివినప్పుడు, అబద్ధమెందుకు, ముందుగాల నా మనసు జర చల్లబడ్డది. నీక్కూడ లేదు గదా అని. ఆమె పది నిమిషాల తొవ్వలనే ఉండి నీకు దూరమైంది గదా అని. మళ్ల సాయంత్రం వంట చేసుకుంట నువ్వు రాసింది యాదికొచ్చింది, పిలవద్దని ఆమె లేచి నీ దగ్గరిదాక వచ్చుడు. ఇరవై రెండు దినాల పిల్లప్పటి నుంచి నిన్ను పిలిచిన నోరు. అన్నం మాడింది.

నిన్న ఫోన్ చేసింది. నంబర్ చూసి నేనే ఎత్తిన. "ఇగో, పత్తి అయిపోయిందా?" అన్నది. చివరి ఏరుడు ఉన్నది, వారం పడుతది అన్న. "ఆపకుర్రి, శనివారం వస్త, నేను ఏరుత" అన్నది. మళ్ల, "ఆమెను గూడ రమ్మను, నేనడిగితే రాదు, భయపడుతది" అన్నది. ఎవరినని అడగలే. నాకు తెలుసు, ఆమెకు తెలుసు.

రా. పాత చీర ఒకటి తెచ్చుకో, పత్తి కాయలు గీరుతయి. మీ బావ ఇప్పుడు మాట్లాడుతుండు, టీ గావాలంటే. ఎల్లక్క నిన్ను చూస్తే ఏదో ఒకటి అంటది, పట్టించుకోకు.

ఒక్కటే చెప్పేది. ఆమె నిన్ను ఏమంటదో, నన్ను ఏమంటదో అని చూడకు. నేను గూడ చూడ. మనిద్దరం చెరొక మునుంల ఉందాం, ఆమె నడుమ ఉంటది. పిలిచిన నాడు పలుకుదాం, ఎవరిని పిలిస్తే వాళ్లం.

మీ అక్క
రమ